రెండో ఉతుకు

మా వాళ్ళంతా నన్ను నోరుగల మనిషి అంటారు. కాదనను. అమీర్‌పేటలో ఆడది ఒక్కతే మ్యాచింగ్ సెంటరు నడపాలంటే నోరు లేకపోతే కుదరదు. లైనింగు గుడ్డ తక్కువ కొలిచినవాణ్ణి, నా మెట్ల ముందు బండి పెట్టి పోయినవాణ్ణి, షట్టరు మీద జావా కోర్సు కాగితం అంటించినవాణ్ణి, అందర్నీ అక్కడికక్కడే కడిగి పంపించాను. దిలావర్ భాయ్ డైయింగ్ షాపు మూతపడ్డ విషయంలో మాత్రం ఎవరిని తిట్టాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

ఆయన షాపు నా షాపు వెనక సందులో ఉండేది. రేకుల కప్పు, గ్యాసు పొయ్యిలు, రంగు మరిగించే రాగి డేగిసాలు, దండేల మీద ఆరుతున్న చున్నీలు, అంతే. ఎవరైనా పెళ్ళికూతురి లంగా తెచ్చి దీనికి సరిపోయే చున్నీ కావాలంటే నేను తెల్ల గుడ్డ కోసి ఇచ్చేదాన్ని, ఆయన రంగు వేసేవాడు. లంగా అంచును వెలుతురులో పట్టుకుని ఒకసారి చూసి, డబ్బాల్లోంచి చిటికెడు చిటికెడు తీసి నీళ్ళలో కలిపేవాడు. కనకాంబరం రంగుకీ ఉల్లిపొర రంగుకీ తేడా తెలియని కుర్రాళ్ళు మా సందు చివర నిలబడి కంప్యూటర్లో లక్షల రంగులున్నాయని చెప్పుకుంటుంటే నాకు నవ్వొచ్చేది.

రంగు కలపడం ఒక ఎత్తు, దాన్ని గుడ్డకు నిలపడం ఒక ఎత్తు. మిగతా షాపుల వాళ్ళు బిల్లు మీదే రంగుకు గ్యారంటీ లేదని అచ్చు వేయించుకునేవాళ్ళు. దిలావర్ భాయ్‌కి బిల్లే లేదు. రంగు వేసిన ప్రతి గుడ్డనూ ఫిక్సరు కలిపిన నీళ్ళలో ముంచేవాడు. రంగు దిగకుండా గుడ్డను పట్టి ఉంచే మందు అది. తర్వాత ఆయన ఒకసారి, ఆయన భార్య నఫీసా ఒకసారి తెల్ల పింగాణీ బేసిన్లో ఉతికేవారు. "మొదటి ఉతుకుల అందరి రంగు నిలుస్తది ఛాయమ్మా, రెండో ఉతుకే అసలు పరీక్ష" అని నాతో అనేవాడు. రెండో ఉతుకు నీళ్ళు తాగేంత తేటగా ఉంటేనే ఆ గుడ్డ దండెం ఎక్కేది. వాళ్ళ నాన్న దగ్గర నేర్చిన పని, ఆయన చేతులకు తెలిసిన పని అదొక్కటే.

గొడవంతా ఆ బేసిన్లోంచి పారబోసే నీళ్ళ దగ్గర వచ్చింది. సాఫ్ట్‌వేర్ బాగా పుంజుకున్న రోజులవి. మైత్రీవనం చుట్టుపక్కల ఏ మేడ చూసినా కింద ఇన్‌స్టిట్యూటు, పైన హాస్టలు. మా సందులోనే ఒక ఇన్‌స్టిట్యూటు సెల్లార్లో క్లాసులు మొదలుపెట్టింది. ఒక వానలో కాలవ ఎదురు తన్ని ఆ సెల్లారు నిండా రాణీ రంగు నీళ్ళు చేరాయి. పిల్లలు బెంచీలెక్కి సెల్‌ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. కాలవ పూడింది హాస్టళ్ళ వాళ్ళు పారేసిన ప్లాస్టిక్ ప్లేట్లతో, టీ కప్పులతో. ఆ సెల్లార్లోకి వచ్చిన నీళ్ళలో అందరి స్నానాల నీళ్ళూ, అంట్లు తోమిన నీళ్ళూ ఉన్నాయి. కానీ వాటికి రంగు లేదు కాబట్టి అవి ఎవరి నేరమూ కాలేదు.

దిలావర్ భాయ్‌కి కార్పొరేషన్ నుంచి నోటీసు వచ్చింది. రంగునీళ్ళు కాలవలోకి వదలడం ఆపకపోతే షాపుకు సీలు వేస్తామన్నారు. ఒకసారి సీలు పడితే ఊళ్ళో ఇంకెక్కడా అద్దకం పనికి అనుమతి దొరకదని పక్క సందు లాయరు చెప్పాడు. నఫీసా ఆ రోజంతా పొయ్యి వెలిగించలేదు.

నోటీసు వెనకే ఆఫీసరు వచ్చాడు, వీరవెంకటసత్యనారాయణ గారని, మా గోదావరి జిల్లాల మనిషే. ఈయన్ని ఎలా దులపాలా అని నేను సిద్ధంగా ఉన్నాను. ఆయన బూట్లకు రంగు అంటుతున్నా పట్టించుకోకుండా సందంతా తిరిగి, డేగిసాల్లోకి తొంగి చూసి, కూర్చుని చక్కెర లేని టీ తాగాడు. ఆఖరికి, "అమ్మా, నీళ్ళు రంగు లేకుండా వదిలే దారేదన్నా ఉంటే చూపించండి. నాకు మాత్రం ఒకరి పొయ్యి ఆర్పాలని సరదానా?" అన్నాడు. నా నోటికి పని లేకుండా పోయింది.

దారి చూపించింది మా ధాత్రి. మా అక్క కూతురు, నా దగ్గరే ఉండి యూనివర్సిటీలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివేది. అమీర్‌పేటలో ఉంటూ కంప్యూటర్ కోర్సులో చేరని మనిషి బహుశా అదొక్కతే. వాళ్ళ నాన్న భీమవరం నుంచి ఫోన్ చేసినప్పుడల్లా టెస్టింగ్ టూల్స్ నేర్చుకోమని పోరేవాడు. ఇది ఊఁ కొట్టి ఫోను పెట్టేసి, వెనక సందులో దిలావర్ భాయ్ డేగిసాల దగ్గరికి వెళ్ళి కూర్చునేది.

అది మొదట తెచ్చిన ఉపాయం బొగ్గు. వంటబొగ్గు కాదు, నీళ్ళ ఫిల్టర్లలో వాడే కొబ్బరి చిప్పల బొగ్గు, గింజలు గింజలుగా ఉంటుంది. మనిషెత్తు ప్లాస్టిక్ పైపులో దాన్ని నింపి, పైనుంచి రంగునీళ్ళు పోస్తే కింద కుళాయిలోంచి తేటనీళ్ళు వచ్చాయి. నఫీసా దోసిలి పట్టి ఒకటికి రెండుసార్లు చూసుకుంది. దిలావర్ భాయ్ నీళ్ళ వైపు చూడలేదు, పైపు వైపే చూస్తూ, "రంగంత ఏడికి పోయింది బేటా?" అని అడిగాడు. బొగ్గు గింజల్లో కంటికి ఆనని చిల్లులు ఉంటాయని, రంగు వాటిలో ఇరుక్కుని ఉండిపోతుందని ధాత్రి చెప్పింది.

"అంటే లోపలనే ఉన్నదన్నట్టు" అన్నాడాయన.

ఆ మాట మేం ఎవరం పట్టించుకోలేదు.

పెళ్ళిళ్ళ సీజన్ రాగానే బొగ్గు నిండిపోయింది. చిల్లులన్నీ రంగుతో నిండాక దాన్లోంచి పోసిన నీళ్ళు పోసినట్టే బయటికి వచ్చాయి. మాటిమాటికీ కొత్త బస్తా కొనడం ఆయన వల్ల అయ్యే పని కాదు. పోనీ కొన్నా, నిండిన బొగ్గును ఎక్కడ పారబోయాలి? చెత్త రిక్షా వాళ్ళు మేం ముట్టుకోం అన్నారు. గోడవారగా బస్తాలు పేరిస్తే ఒక వానకు నీలమూ ఎరుపూ కలిసి మళ్ళీ సందులోకి కారాయి. సత్యనారాయణ గారు వచ్చి చూసి, కాలవలో పోసే రంగును బస్తాలో పోశారు, అంతే కదమ్మా అన్నాడు. న్యాయమైన మాటే, అందుకే నాకు ఒళ్ళు మండింది.

అప్పుడు ధాత్రి ఆ నిండిన బొగ్గును కరెంటుతో బాగుచేస్తానంది. లేబొరేటరీలో చేసి చూశారట. ఒక ప్లాస్టిక్ తొట్టి తెచ్చి, అటొక రేకు ఇటొక రేకు నిలబెట్టి, మధ్యలో పాడైన బొగ్గును వలగుడ్డ సంచిలో ఉంచి, ఉప్పునీళ్ళు నింపింది. కార్ల బ్యాటరీలు ఛార్జి చేసే పాత ఛార్జరు ఒకటి మెకానిక్ షెడ్డులో అడిగి తెచ్చుకుంది. స్విచ్ వేయగానే మొదటి రోజు సందులో ఫ్యూజు పోయి ఇన్‌స్టిట్యూటు కంప్యూటర్లన్నీ ఆగిపోయాయి. వాళ్ళు తిట్టడానికి వస్తే వాళ్ళ ప్లాస్టిక్ కప్పుల సంగతి ఎత్తి నేనే వెనక్కి పంపాను.

తర్వాతి ప్రయత్నాలు కుదిరాయి. రేకుల దగ్గర బుడగలు లేచేవి, బ్లీచింగ్ పౌడరు వాసన వచ్చేది. కరెంటు వల్ల ఉప్పునీళ్ళలో పుట్టే ఘాటు బొగ్గులోకి దూరి, ఇరుక్కున్న రంగును అక్కడే విరగ్గొట్టేస్తుందని, చిల్లులు మళ్ళీ ఖాళీ అవుతాయని చెప్పింది. చచ్చిపోయిందనుకున్న బొగ్గును కడిగి మళ్ళీ పైపులో వేసి నెమలిపింఛం రంగు నీళ్ళు పోస్తే కింద మంచినీళ్ళలాంటి నీళ్ళు వచ్చాయి. ఆ రోజు నా సంతోషం ఇంతా అంతా కాదు. వాళ్ళ నాన్నకు నేనే ఫోన్ చేసి, నీ కూతురు చేసిన పని అమీర్‌పేటలో ఇంకెవడూ చేయలేడని దెప్పాను.

సత్యనారాయణ గారికీ ఆసక్తి పుట్టింది. కానీ కళ్ళతో చూడనిది రాయనన్నాడు. "నిండిపోయిన బొగ్గు నాకు చూపించండి. దానికి కరెంటు పెట్టండి. అదే బొగ్గులో రెండోసారి రంగునీళ్ళు పోయండి. రెండోసారి కూడా తేటగా వస్తే షాపు నడుపుకోవచ్చని రాసిస్తాను. రాకపోతే ఇక నా చేతుల్లో లేదు" అన్నాడు.

రెండోసారి అన్న మాట దిలావర్ భాయ్ మనసులో పడిపోయింది. ఆ వారమంతా బేసిన్ దగ్గర కూర్చున్నప్పుడు కూడా ఏదో ఆలోచనలో ఉండేవాడు. నఫీసా దర్గాకు వెళ్ళి మొక్కుకుని వచ్చింది. నేనూ మా సాయిబాబాకు ఒక కొబ్బరికాయ మొక్కాను, ఎందుకైనా మంచిదని.

పరీక్ష రోజు పొద్దున సత్యనారాయణ గారు వచ్చి, నిండిన బొగ్గులోంచి రంగునీళ్ళు రంగునీళ్ళుగానే దిగడం చూశాడు. ధాత్రి బొగ్గును తొట్టిలోకి మార్చి స్విచ్ వేసింది. అది పూర్తి కావడానికి సమయం పడుతుందంటే, పంజాగుట్టలో వేరే పని చూసుకుని భోజనం చేసి వస్తానని వెళ్ళాడు. మధ్యాహ్నానికి బొగ్గు సిద్ధమైంది. ధాత్రి దాన్ని కడిగి, ఒక పిడికెడు గ్లాసులో వేసి రంగు పీల్చుకుంటుందో లేదో చూసుకుని, మిగతాదంతా పైపులో నింపింది. పంజాగుట్ట వైపు ఫ్లైఓవరు కోసం రోడ్డంతా తవ్వి ఉండడంతో ఆయన జీపు ఎక్కడో ఆగిపోయిందని ఫోన్ వస్తే, దారి చూపించి తీసుకురావడానికి వెళ్ళింది. నేను షాపులో బేరంలో ఉన్నాను. నఫీసా ఇంట్లో నమాజు చేసుకుంటోంది. పైపు దగ్గర దిలావర్ భాయ్ ఒక్కడే ఉన్నాడు.

అందరం చేరాక ఆయనే డేగిసాలో రాణీ రంగు కలిపాడు. వెలసిన రంగు కాదు, పెళ్ళి రంగు, చూస్తే కళ్ళు చెదిరేంత. ధాత్రి పైనుంచి పోసింది. కుళాయి కింద పెట్టిన మొదటి గ్లాసులోకి తేటనీళ్ళు వచ్చాయి. సత్యనారాయణ గారు గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టి తలూపాడు. దిలావర్ భాయ్ నా వైపు చూసి నవ్వాడు. ఆయన అంత మనసారా నవ్వగా నేను అంతకుముందు చూడలేదు.

రెండో గ్లాసు కొంచెం గులాబీ రంగులో వచ్చింది. ధాత్రి కుళాయి సన్నం చేసింది. మూడోది ఇంకా ముదిరింది. ఆ తర్వాత పైన పోసిన రాణీ రంగు పోసినట్టే కిందికి దిగింది. ధాత్రి పైపును తట్టింది, నీళ్ళు ఆపి మళ్ళీ పోసింది. ఆఫీసరు తొందరపెట్టలేదు. స్టూలు మీద కూర్చుని ఎదురుచూశాడు, తనే ఇంకోసారి పోయమన్నాడు. మళ్ళీ అదే రంగు వచ్చింది. చివరికి లేచి, రేపు మా వాళ్ళు వస్తారు, సామాన్లు తీసుకోండి అని నెమ్మదిగా చెప్పాడు. నేను నోరు తెరిచాను. ఆయన ముఖం చూసి, గ్లాసులు ఎత్తి పక్కన పెట్టాను.

ఆయన వెళ్ళాక ధాత్రి పైపు అడుగు విప్పింది. గింజలు గింజలుగా జారాల్సిన బొగ్గు పాకం ముదిరిన జీడిలాగా ముద్దముద్దగా ఊడిపడింది. వేళ్ళతో నలిపి చూసింది, వాసన చూసింది. తర్వాత తలెత్తి రంగు డబ్బాలుండే అల్మరా వైపు చూసింది. నేనూ అటు చూశాను. ఫిక్సరు డబ్బా మూత తీసి ఉంది.

దిలావర్ భాయ్ వచ్చి ధాత్రి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నా వంతు నేను సుత చేసిన బేటా. నువ్వు సార్ కోసం పోయినప్పుడు జర ఫిక్సర్ పోసిన, పెండ్లి చున్నీలకు వేసే అసల్ మాల్. లోపల ఉన్న రంగు రెండోసారి దిగొద్దని. అయినా గెట్ల దిగిందో సమజ్ అయితలేదు."

ధాత్రి ఆ ముద్దను పిడికిట్లో మూసేసింది. తర్వాత, "కరెంటు సరిగ్గా అందలేదు భాయ్. ఓల్టేజీ తక్కువైంది. నాదే పొరపాటు" అంది.

ఆయన దాని తల మీద చెయ్యి వేశాడు. ఫికర్ చెయ్యొద్దని, చిన్న పిల్ల అయ్యి తన కోసం ఇంత చేసిందని, అల్లా తనకు ఎక్కడో ఒకచోట రొట్టె రాసే ఉంటాడని చెప్పాడు. దుకాణం పోతున్న మనిషి దాన్ని ఓదారుస్తుంటే నేను పక్కన నిలబడి చూస్తున్నాను.

ఇంటికి వచ్చాక ధాత్రిని అడిగాను. ఫిక్సరూ రంగూ కలిస్తే గట్టిగా ముద్ద కట్టి గుడ్డను పట్టుకుంటాయట, అందుకే ఆయన చున్నీలు రంగు దిగవు. బాగుపడ్డ బొగ్గు మీద ఆయన ఫిక్సరు పోశాడు, దాని మీద మేం రంగునీళ్ళు పోశాం. గింజలన్నీ అంటుకుని ముద్దైపోతే నీళ్ళు బొగ్గులోకి దూరలేక పైపు గోడ వెంబడి దారి చేసుకుని దిగిపోయాయి. బొగ్గు బాగుపడిందని, కరెంటు తన పని తను చేసిందని చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. బొగ్గులో రంగు విరిగిపోయిందని తను ఆయనకు చెప్పింది. ఆయనా విన్నాడు. కానీ ఆయన బతుకంతా చూసింది లోపల దాగిన రంగు రెండో ఉతుకులో దిగడమే. దానికి ఆయనకు తెలిసిన మందు ఒక్కటే.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఆఫీసుకు వెళ్ళాం. ధాత్రి ఆ ముద్దను ప్లాస్టిక్ కవర్లో పెట్టి తీసుకొచ్చింది. సత్యనారాయణ గారు అంతా విన్నాడు, కవరు విప్పి చూశాడు. నాకు ఒక్క క్షణం ఆశ పుట్టింది.

"ఇప్పుడు నన్నేం రాయమంటారమ్మా?" అన్నాడు. "యంత్రం పనిచేయలేదని రాస్తే షాపు ఒక్కటే పోతుంది. యంత్రం పనిచేస్తుంది, నడిపే మనిషికే ఏది పోయకూడదో తెలియదు అని రాస్తే, ఆ మాట ఆయన పేరు మీద ఉండిపోతుంది. రంగుల కార్ఖానాలో కూలికి కూడా ఎవరూ పెట్టుకోరు. అబద్ధమైనా మొదటిదే నయం."

మళ్ళీ ఒక్కసారి చూడమని ధాత్రి బతిమాలింది. నిన్నటి పరీక్షకు తేదీ ఇప్పించడానికే తను పైవాళ్ళ దగ్గర ఎన్ని మాటలు పడ్డాడో చెప్పుకొచ్చాడు. మేం తిరిగి వచ్చేసరికి సందులో షట్టరుకు సీలు పడి ఉంది. నఫీసా పింగాణీ బేసిన్ను ఒళ్ళో పెట్టుకుని నా షాపు మెట్ల మీద కూర్చుని ఉంది.

ధాత్రి పరీక్షలు రాసేసి, ఈసారి ఎవరూ చెప్పకుండానే టెస్టింగ్ టూల్స్ కోర్సులో చేరింది. వాళ్ళ నాన్న సంబరపడ్డాడు. నా షాపులో చున్నీల బేరం పోయి లైనింగులూ చీర ఫాల్సూ మిగిలాయి. ఎవరైనా మ్యాచింగ్ చున్నీ అడిగితే వేరే చోట చూసుకోమని కసురుతున్నాను. పాపం, వాళ్ళేం చేశారు?

చాలా నెలలకు పంజాగుట్టలో ఒక పెద్ద బట్టల షోరూముకు వెళితే, చున్నీల సెక్షన్లో దిలావర్ భాయ్ కనిపించాడు. షోరూము వాళ్ళ చొక్కా వేసుకున్నాడు, జేబు మీద పేరున్న బిళ్ళ ఉంది. గోళ్ళలో ఎప్పుడూ ఉండే నీలం పోయి చేతులు తెల్లగా, ఇంకెవరివో చేతుల్లా ఉన్నాయి. నన్ను చూసి సంతోషపడ్డాడు. ధాత్రి ఉద్యోగం సంగతి అడిగాడు. నఫీసాకు మోకాళ్ళ నొప్పులని చెప్పాడు. నేను వెళ్ళబోతుంటే గొంతు తగ్గించి పిలిచాడు.

"ఛాయమ్మా, ఒకటి అడుగుత, కోపం జెయ్యకు. గీ బట్టలు మడతబెట్టుకుంట రోజూ గదే సోంచాయిస్తున్న. ఫిక్సర్ పోసుడు వల్లనేమన్న అయిందా? నేను బాధపడ్తనని ఆ పిల్ల చెప్పలేదా?"

నా దగ్గర మాటలకు కొరత ఉన్న రోజు లేదు. ఆయన కళ్ళు నా ముఖం మీదే ఉన్నాయి. నిజం చెబితే ఏమవుతుందో, చెప్పకపోతే ఏమవుతుందో ఆ కాస్తసేపట్లో రెండూ ఆలోచించాను. రెండిట్లో దేని వల్లా ఆ షట్టరు తెరుచుకోదు.

"లేదు భాయ్. కరెంటే తక్కువైంది" అన్నాను.

"నేను సుత గట్లనే అనుకున్న" అన్నాడు. నమ్మాడో లేదో నాకు తెలియలేదు.

అంతలో ఒకమ్మాయి వచ్చి రాణీ రంగు చున్నీ ఒకటి తీసి, అంకుల్, ఇది ఉతికితే రంగు పోతుందా అని అడిగింది. దిలావర్ భాయ్ అలవాటు చొప్పున బొటనవేలు నాలుకతో తడిచేసుకుని చున్నీ కొసను రుద్దాడు. వేలికి ఎర్రగా అంటింది. ఆ వేలిని ప్యాంటుకు తుడుచుకుని, "రంగుకు గ్యారంటీ లేదమ్మా" అని చెప్పి, చున్నీ మడతపెట్టి కవర్లో వేసి ఇచ్చాడు.